బాయి గాలి, కడలి గాలి

సింగరేణి బొగ్గు బాయిలో గాలంటే ఫ్యాన్ లాగి తెచ్చేదే. అది ఆగిందా, పని బంద్. మనుషుల్ని పైకి రప్పిస్తారు. సముద్రం మీద లెక్క తిరగబడుతుంది, గాలి పెరిగితేనే పని పెరుగుతుంది. 2017 సెప్టెంబరులో ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే 55 అడుగుల తెరచాప పడవలో భూమి చుట్టిరావడానికి గోవాలో బయల్దేరిన ఆరుగురు నౌకాదళ అధికారిణుల్లో మన విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఉన్నారు. గాలి ముదిరితే తెరచాపను కుదించి కట్టాలి. అదీ ఒరిగిపోతున్న డెక్కు మీద, ఒంటికి తాడు తగిలించుకుని, మొహాన ఉప్పునీళ్లు కొడుతుంటే! రాత్రీపగలూ వంతులవారీ కాపలా. గోదావరిఖని బాయిల్లో నైట్ షిఫ్ట్ చేసిన మాలాంటోళ్లకు ఆ కళ్లమంట చెప్పక్కర్లేదు. కాకపోతే మాకు షిఫ్ట్ దిగాక కదలని మంచం ఉంటుంది. వాళ్లకు అదీ లేదు. 2018 జనవరిలో దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ దాటారు. మే 21న ఆరుగురూ గోవా చేరారు.