పంటి బిగువు సడలేదెప్పుడు?

కల్వకుర్తి వైపు నుంచి వచ్చే తొలి బస్సులు ఎంజీబీఎస్‌లో ఆగేసరికి ఎండ ఇంకా ముదరదు. దిగినవాళ్లలో చాలామంది చేతుల్లో ఒకేలాంటి ప్లాస్టిక్ సంచి కనిపిస్తుంది. అందులో ఎక్స్‌రే కవరు, మడతలు పడ్డ చీటీలు, సగం వాడిన గోళీల షీట్లు, ఓ నీళ్ల సీసా. వాళ్లను అడ్రసు అడగనక్కర్లేదు. మూసీ మధ్యలో ఉన్న ఆ బస్టాండు దాటి, గౌలిగూడ మీదుగా అఫ్జల్‌గంజ్ వైపే నడుస్తారు.

ఆ ఉదయం వాళ్లలో ఆమె కూడా ఉంది. వయసు నలభై ఆరు. ఊళ్లో జాకెట్లు కుడుతుంది. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక పట్నం రావడానికి చార్జీల భయం పోయింది కానీ, ఒకరోజు పని పోతుందన్న బెంగ మాత్రం పోలేదు. కుడివైపు చెవి ముందు నొప్పి. ఆవలిస్తే ‘టక్కు’మని చప్పుడు. పొద్దున లేచేసరికి కణతలు బరువు. జొన్నరొట్టె నమిలి ఎన్నాళ్లయిందో! ఊరి దగ్గర ఒక దవడపన్ను తీయించుకుంది. నొప్పి పోలేదు. పక్క పన్ను కూడా తీయించేసుకుంటే పీడా పోతుందన్న నిర్ణయంతో ఈసారి బస్సెక్కింది.

* * *

అఫ్జల్‌గంజ్‌కు ఆ పేరు ఐదో నిజాం అఫ్జలుద్దౌలా వల్ల వచ్చింది. ధాన్యం వర్తకుల కోసం వెలసిన గంజ్ అది. ఇప్పటికీ ఓ పక్క బేగంబజారు సరుకుల లారీలు, ఇంకో పక్క రోగుల ఆటోలు. మధ్యలో సిటీ బస్సుల హారన్లు. ఈ వీధులకు నొప్పితో సంబంధం పాతదే. ఆపరేషన్లలో నొప్పి తెలియకుండా ఇచ్చే క్లోరోఫాం ఎంతవరకు క్షేమమో తేల్చడానికి 1888లోనూ, 1889లోనూ పరీక్షలు జరిపిన హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు ఇక్కడివే. వాటి వెనక ఉన్నది డాక్టర్ ఎడ్వర్డ్ లారీ.

ఆనాటి ఆసుపత్రిని 1908 సెప్టెంబరులో మూసీ వరద ముంచేసింది. తర్వాత ఏడో నిజాం కాలంలో విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో గుమ్మటాల ఉస్మానియా ఆసుపత్రి లేచింది. 2020 జూలై వానలకు ఆ పాత భవనంలోకి నీళ్లు వచ్చాయి. దాన్ని మూసేసి రోగులను పక్క బ్లాకుల్లోకి మార్చారు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త భవనానికి శంకుస్థాపన జరిగింది.

ఆసుపత్రి ఆవరణలో ఓ పాత చింతచెట్టుంది. 1908 వరదలో నూటయాభై మంది దాకా దాని కొమ్మలు పట్టుకుని బతికారని చెబుతారు. ఇప్పుడు దాని పక్క నుంచి వెళ్లేవాళ్లకు తల ఎత్తి చూసే తీరిక ఉండదు. ఓపీ చీటీ లైను ముఖ్యం.

* * *

దవడ నొప్పితో వచ్చినవారికి ఈ ప్రాంతంలో ఒకటికి మూడు గడపలున్నాయి. నొప్పి చెవి దగ్గర కాబట్టి ముందు కోఠిలోని ఈఎన్‌టీ ఆసుపత్రికి వెళతారు. చెవి బాగానే ఉందంటారు. పంటిదేమోనని అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్యశాలకు వస్తారు. షుగర్, థైరాయిడ్ చూపించుకోవడానికి ఉస్మానియా ఉండనే ఉంది. మూడూ నడిచి వెళ్లగలిగే దూరంలోనే ఉంటాయి. కానీ మూడు చోట్లా మూడు చీటీలు. ఒక చీటీలో రాసింది ఇంకో చీటీకి తెలియదు. అన్నీ కలిసి ఉండేది ఆ ప్లాస్టిక్ సంచిలోనే.

ఈ తిరుగుడు కొత్తది కాదు. చెవి సమస్యలను దవడ కీలుతో ముడిపెట్టి 1934లో వ్యాసం రాసిన అమెరికన్ వైద్యుడు జేమ్స్ కాస్టెన్ కూడా దంతవైద్యుడు కాదు, చెవి ముక్కు గొంతు డాక్టరు. చాలాకాలం ఈ బాధను ఆయన పేరుతోనే పిలిచారు. పళ్లు ఊడటం వల్లే ఇదంతా అన్న ఆయన వివరణ తర్వాత నిలబడలేదు. చెవి దగ్గరి బాధకు మూలం దవడలో ఉండొచ్చన్న మాట మాత్రం నిలిచింది.

చెవికి కాస్త ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూస్తే కదిలేదే ఆ కీలు. అది తలుపు బందులా తిరగడమే కాదు, సొరుగులా ముందుకు జారుతుంది కూడా. మధ్యలో మెత్తని బిళ్లలాంటి పొర ఉంటుంది. అది పక్కకు జరిగితే ‘టక్కు’మంటుంది. నొప్పి లేని చప్పుడుకు సాధారణంగా వైద్యం అవసరం లేదు. చాలామందికి అసలు బాధ కీలులో కాదు, దాన్ని బిగించే కండరాల్లో. నమలడానికి, మింగడానికి తప్ప పై పళ్లూ కింది పళ్లూ ఒకదానికొకటి తగలకూడదు. కానీ పని మీద తల వంచినప్పుడు, అప్పు గుర్తొచ్చినప్పుడు, నిద్రలో, మనకు తెలియకుండానే పళ్లు బిగుస్తాయి. పిల్లలు రాత్రి పళ్లు కొరికితే కడుపులో నులిపురుగులని పెద్దలంటారు. పెద్దలే కొరికితే మాత్రం ఎవరూ పట్టించుకోరు.

* * *

“ఈ పన్ను తీసెయ్యుండ్రి మేడం, గప్పుడన్నా నిద్ర పడతది” అందామె కుర్చీలో కూర్చోగానే.

డాక్టరమ్మ చిన్నది. పంటి మీద తట్టింది. చిగురు చూసింది. తర్వాత రెండు చేతులతో దవడలను, కణతలను, మెడను మెల్లగా నొక్కింది. దవడ మూల దగ్గర వేలు పడగానే ఆమె ఉలిక్కిపడింది.

“పన్ను గట్టిగానే ఉందమ్మా. పన్ను తీస్తే పన్ను పోతుంది, నొప్పి పోదు. మొదటిది తీయించుకున్నాక పోయిందా?”

ఆమె తల అడ్డంగా ఊపింది.

“ఆ సంచిలోవన్నీ ఇటివ్వండి.”

చీటీలన్నీ బల్ల మీద పరిచారు. ఆరేళ్లుగా షుగర్. థైరాయిడ్ గోళీ. మెడనొప్పికి ఒక మందు, తలనొప్పికి ఇంకొకటి, పంటికి ఇంకొకటి. మూడింట్లో రెండు ఒకేరకం నొప్పి గోళీలు. షుగర్, బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్లు వాటిని సొంతంగా మింగుతూ పోతే మూత్రపిండాలకే ముప్పు. కొందరికి ఆందోళన తగ్గించే మందులతోనూ పళ్లు బిగుస్తాయి. అలాగని వాటిని తామే ఆపేయకూడదు, ఇచ్చిన డాక్టరుకు చెప్పాలి. గట్టిగా గురక పెట్టేవారు, కీళ్లవాతం ఉన్నవారు, ఒళ్లంతా నొప్పులుండేవారు, మైగ్రెయిన్ వచ్చేవారు ఆ సంగతీ చెప్పాలి. దవడ నొప్పి తరచూ ఒంటరిగా రాదు. నిద్ర చెడితే నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగితే నిద్ర చెడుతుంది. థైరాయిడ్ అదుపులో లేకపోతే కండరాలు అలాగూ సలుపుతాయి. రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేచేవారికి నిద్రెక్కడిది?

“దారం దేంతో తెంపుతారు?” అడిగింది డాక్టరమ్మ.

ఆమె నవ్వేసింది. పాతికేళ్లుగా పళ్లతోనే. గుండుసూదులు కూడా పళ్ల మధ్యనే.

“మనసులో ఏమైనా ఉందా అమ్మా?”

ఆ ప్రశ్న ఇంతవరకు ఏ గడప దగ్గరా ఎవరూ అడగలేదు. బిడ్డ పెళ్లికి చేసిన అప్పు, మంచంలో ఉన్న అత్త, ఎవరికీ చెప్పని రాత్రులు... మాటలు ఆగి ఆగి వచ్చాయి. మన భాషలో ఓర్చుకోవడానికి పేరే ‘పంటి బిగువు’. బాధను పంటి బిగువున భరించిందని మెచ్చుకుంటాం. భరించిన ఆ బిగువే ఓ రోజు బాధై కూర్చుంటుందని ఎవరూ చెప్పరు.

* * *

ఆ రోజు ఆమె పన్ను తీయలేదు. చీటీ మీద రాసినవి చిన్న పనులే. పెదాలు కలవాలి, పళ్లు కలవకూడదు, నాలుక అంగిట్లో తేలిగ్గా ఆనాలి. కుట్టుమిషను మీద ఎర్రగుండీ ఒకటి అంటించుకుని, అది కనిపించినప్పుడల్లా పళ్లు విడిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. దారానికి కత్తెర. రొట్టెను పప్పులో నానబెట్టి తినాలి. మక్కపేలాలు, చెరుకు, వక్క కొన్నాళ్లు వద్దు. రోజుకు రెండుసార్లు వేడినీళ్లలో పిండిన తువ్వాలుతో కాపడం. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించాలి. దవడకు, మెడకు వ్యాయామాలు ఫిజియోథెరపీలో నేర్చుకోవాలి. ఉస్మానియాలో షుగర్, థైరాయిడ్ మళ్లీ పరీక్ష చేయించుకోవాలి.

ఇవి సర్దిచెప్పే మాటలు కావు. 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మార్గదర్శకాలు కూడా దీర్ఘకాలపు దవడ నొప్పికి వ్యాయామాలు, చేతితో చేసే చికిత్స, ఆలోచనల తీరు మార్చే కౌన్సెలింగ్, ఇంట్లో జాగ్రత్తలనే ముందు పెట్టాయి. మళ్లీ వెనక్కి తీసుకోలేని పనులు వద్దన్నాయి. రాత్రి పెట్టుకునే ప్లాస్టిక్ తొడుగు పళ్లు అరిగిపోకుండా కాపాడొచ్చు గానీ, నొప్పి తగ్గిస్తుందన్న హామీ లేదు.

అన్ని దవడ నొప్పులూ ఇలాంటివే అనుకోవడమూ ప్రమాదమే. నడిస్తే దవడ లాగి, ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది గుండెది కావచ్చు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. యాభై దాటాక కొత్తగా కణత నొప్పి మొదలై, నమిలితే దవడ అలిసి, చూపు మసకబారితే ఆ రోజే డాక్టరుకు చూపాలి. గుట్కా, వక్క అలవాటున్నవారికి నోట్లో మూడు వేళ్లు నిలువుగా పట్టనంతగా బిగిస్తే అది వేరే జబ్బు. వాపు, జ్వరం ఉన్నా ఆలస్యం చేయకూడదు.

* * *

మధ్యాహ్నానికి ఉస్మానియా గేటు దగ్గరి ఇరానీ హోటల్లో ఆమె చాయ్ తీసుకుంది. పక్కన ఉస్మానియా బిస్కెట్లు. ఈ ఆసుపత్రి రోగుల కోసమే ఆ బిస్కెట్లు పుట్టాయని హైదరాబాదీలు చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, చాయ్‌లో ముంచితే నమిలే పని లేకుండా కరిగిపోతాయి. ఆ పూటకు ఆమె దవడకు అంతకంటే ఏం కావాలి?

రెండు నెలల తర్వాత మళ్లీ వచ్చింది. నొప్పి పూర్తిగా పోలేదు. అత్త మంచం అలాగే ఉంది, అప్పూ ఉంది. కానీ పొద్దున కణతల బరువు తగ్గింది. నొప్పి గోళీలు మానేసింది. షుగర్ కొంచెం దిగింది. అన్నిటికంటే ముఖ్యం, పన్ను నోట్లోనే ఉంది. అప్పు సంగతి కొడుకుతో కూర్చుని మాట్లాడిందట. మిషను మీద ఎర్రగుండీ చూసి మనవరాలు అడిగితే, “నా పండ్లకు సిగ్నలు లైటు” అని చెప్పిందట.

ఈసారి తీరిక దొరికింది. చింతచెట్టు దగ్గర కాసేపు నిలబడి పైకి చూసింది. వరదలో కొమ్మను గట్టిగా పట్టుకోబట్టే ఆనాడు అంతమంది బతికారు. నీళ్లు తీశాక వాళ్లూ కొమ్మ వదిలి కిందికి దిగే ఉంటారు.

సాయంత్రం బస్సు మూసీ దాటుతుంటే ఆమె కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. పెదాలు కలిసి ఉన్నాయి. పళ్లు విడిగా ఉన్నాయి.