రాయీ, రాతా

చీనా దేవాలయమంటే మనకి ఎర్రటి స్తంభాలూ, వంపు తిరిగిన చూరులూ కళ్ళకి కడతాయి. వాటికీ మన బెజవాడకీ ఏం సంబంధమంటారా? లేకపోలేదు. 639 ప్రాంతాల హ్యూయన్‌త్సాంగ్ అనే చీనా భిక్షువు ధాన్యకటకానికి వచ్చాడు. ఇక్కడ ఇద్దరు భిక్షువుల దగ్గర కొన్ని నెలలు అభిధర్మం చదువుకుని, తనకి వచ్చింది వాళ్ళకి చెప్పాడు. ఊరికి తూర్పు కొండమీద పూర్వశైలం, పడమటి కొండమీద అవరశైలం అని రెండు విహారాలున్నాయనీ, అప్పటికే అవి పాడుపడ్డాయనీ రాసుకున్నాడు. ఆ ఊరు అమరావతి పక్కనున్న ధరణికోట అని చాలామంది పండితులు. కాదు, బెజవాడేనని ఫెర్గుసన్ వంటివారు. బెజవాడ వాణ్ణి గనక నాకు రెండో మాటే రుచిస్తుందని వేరే చెప్పాలా!

ఆ భిక్షువు రాతలు చదివిన ఊపులో మా పెద్దమ్మని తీసుకుని ఉండవల్లి గుహలకి వెళ్ళాను. ప్రకాశం బారేజీ దాటితే ఎంతో దూరం లేదు. నాలుగంతస్తుల ఆలయం. కట్టింది కాదు, కొండని తొలిచింది. ఇటుకలు పేర్చేవాడు పొరబడితే తీసి మళ్ళీ పెట్టుకుంటాడు. ఇక్కడ ఉలి బెత్తెడు ఎక్కువ దిగితే స్తంభం చెడినట్టే! అడుగు అంతస్తు పూర్తి కాకుండానే ఆగిపోయింది.

పైన అనంతపద్మనాభుడు శేషశయ్యమీద పవళించి ఉన్నాడు.

“ఇది మొదట బౌద్ధుల విహారమంటారు పెద్దమ్మా,” అని అందుకున్నాను.

“స్వామి నిద్రలో ఉన్నాడు. గొంతు తగ్గించి చెప్పరా,” అంది.

తగ్గించాను.

“ఇంత కొండ తొలిచిందెవర్రా?”

“విష్ణుకుండిన రాజుల కాలంలో అని కొందరంటారు.”

“రాజుల గొడవ నాకెందుకూ? ఉలి పట్టినవాళ్ళ పేర్లేమిటని!”

నా దగ్గర జవాబు లేదు.

హ్యూయన్‌త్సాంగ్ 645లో 657 గ్రంథాలతో స్వదేశం చేరాడు. వాటిని భద్రపరచడానికి 652లో చాంగాన్ నగరంలో, అంటే నేటి షియాన్‌లో, తను ఉండే ఆలయం ఆవరణలోనే ఇటుక గోపురం కట్టించాడు. యాభై ఏళ్ళ వయసులో తానే స్వయంగా ఇటుకలు మోశాడని అతని జీవితచరిత్రలో ఉంది. ఆ గోపురం యాభై ఏళ్ళకే శిథిలమైతే 701-704 మధ్య మళ్ళీ కట్టారు. ఇప్పుడది ఏడంతస్తులు, సుమారు 64 మీటర్ల ఎత్తు.

చూశారూ! వాళ్ళ గోపురం ఒకసారి పడి లేచింది. కాని ఇటుక మోసినవాడి పేరు దక్కింది. మన కొండ చెక్కుచెదరలేదు. ఉలి పట్టినవాడి పేరే మనదాకా రాలేదు. రాయి గట్టిదైతే తనంత తాను నిలుస్తుంది. మనిషి నిలవాలంటే ఇంకొకడు పూనుకుని రాసిపెట్టాలి.

ఈసారి సెలవులకి పిల్లల్ని ఉండవల్లి తీసుకువెళ్ళండి. స్వామి దర్శనానికి పైకి ఎక్కేముందు అడుగు అంతస్తులో, సగం తొలిచి వదిలిన రాయి దగ్గర కాసేపు ఆగండి. పేరులేని ఆ పనివాడి సంతకం అదే.