ముగ్గురు చెప్పిన కథ

బుర్రకథ యనగానే మన విద్యార్థులకు ఒక తంబురయు, రెండు డక్కీలును, నడుమ నడుమ వినవచ్చు తందానయు జ్ఞప్తికి వచ్చును. ఆ కళను చేపట్టి ఊరూర తిరిగి, ప్రభుత్వ నిషేధమును చవిచూచి, తుదకు వెండితెరపై నిలిచిన ఒక దళము కలదు. దానికి నాయకుడు షేక్ నాజర్. ఆ దళముయొక్క చరిత్రను, దానివలన ఒక తెలుగు ఉపాధ్యాయుడు తన తరగతి గదికి తెచ్చుకొన్న పాఠమును ఈ సంచికలో మీకు విన్నవించుచున్నాను.

ముందుగా బుర్రకథ తీరును తెలిసికొనవలెను. నడుమ నిలుచువాడు కథకుడు. అతని భుజముపై తంబుర, చేతి వ్రేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు ఉండును. ఇరుప్రక్కల నిలుచువారు వంతలు. వారి చేతులలో మట్టితో చేసిన డక్కీలుండును. వీనినే గుమ్మెటలనియు, బుర్రలనియు అందురు. కుడివైపు వాడు హాస్యగాడు. ఎడమవైపు వాడు లోకవ్యవహారము తెలిసినవాడు. కథ నాపి ప్రశ్నించుట, నాటి సంగతిని నేటి కాలమునకు అన్వయించుట అతని పని. తెలంగాణమున మన పెద్దలు దీనిని తంబుర కథ యనిరి; కోస్తాలో జంగం కథ యనిరి. పూర్వము జంగములు మొదలగువారు దీనిని ఊరూర పాడి జీవించెడివారు.

నాజర్ 1920 ఫిబ్రవరి 5వ తేదీన గుంటూరు జిల్లా పొన్నెకల్లు గ్రామమున జన్మించెను. వారిది దూదేకుల కుటుంబము. ప్రత్తి నేకుట వృత్తిగా గల ఆ వర్గము వారిని పింజారులనియు పిలుతురు. నాజర్ బీదరికమునందే పెరిగి, సంగీతము నేర్చి, హార్మోనియము వాయించి, నాటకములలో వేషములు వేసెను. పిమ్మట కమ్యూనిస్టు ఉద్యమమునకు దగ్గరయై బుర్రకథను చేపట్టెను. 1943లో ఆంధ్రదేశమున ప్రజానాట్యమండలి యేర్పడినది. ఆ సంవత్సరముననే వంగదేశమున ఘోర క్షామము సంభవించి లక్షలమంది మరణించిరి. నాజర్ దళము ఆ క్షామమును కథగా చెప్పినది. పత్రిక చదువనేరని కూలివానికి వంగదేశపు ఆకలి ఈ విధముగా తెలిసినది.

పల్నాటి యుద్ధము, బొబ్బిలి యుద్ధము, అల్లూరి సీతారామరాజు మొదలగు కథలను కూడ నాజర్ ఊరూర చెప్పెను. ముస్లిం కుటుంబమున పుట్టిన ఆయన పల్నాటి బ్రహ్మనాయుని చాపకూటి కథ చెప్పుచుండగా, అన్ని కులములవారును ఒక్క చాపపై కూర్చుండి భుజించిన ఆ సంగతిని అన్ని మతములవారును ఒక్క చోట కూర్చుండి వినిరి. మన పాఠశాలలో పలు మతముల పిల్లలు ఒక్క బల్లపై కూర్చుండి చదువుచున్నారు గనుక దీని విలువ మీకు నేను వేరుగా చెప్పనక్కరలేదు.

ఇట్టి కథలు జనులను కదలించుట చూచి, మద్రాసున ఆంగ్ల ప్రభుత్వమును, హైదరాబాదున నిజాం ప్రభుత్వమును బుర్రకథను నిషేధించినవి. మన తెలంగాణ రైతుల పోరాటముపై 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్లు వ్రాసిన ‘మా భూమి’ నాటకమునకును నిషేధము తప్పలేదు. 1948 తరువాత కమ్యూనిస్టులపై సాగిన నిర్బంధములో కళాకారులు కొందరు చెఱసాల పాలైరి. కొందరు అజ్ఞాతవాసము చేసిరి. మండలి చెదరిపోయెను.

అయినను ఆ కంఠములు మూగవోలేదు. మండలికి పెద్దయైన గరికపాటి రాజారావుగారు 1953లో ‘పుట్టిల్లు’ చిత్రమును నిర్మించిరి. అందు నాజర్ బుర్రకథ కలదు. మరుసటి యేట వచ్చిన ‘అగ్గిరాముడు’ చిత్రములో నాజర్ దళము సుంకరవారి అల్లూరి సీతారామరాజు కథను చెప్పినది. ఆ కథను బాన్సువాడలో నేనును, మీరును నేటికిని చూడగలుగుచున్నాము. 1986లో భారత ప్రభుత్వము నాజర్‌ను పద్మశ్రీతో గౌరవించెను. 1997 ఫిబ్రవరిలో ఆయన మరణించెను. ఆయన ఆత్మకథకు ‘పింజారి’ యని పేరు. లోకులు చులకనగా పలికెడి మాటనే తన జీవితకథకు పేరుగా పెట్టుకొనుట ఆయన ధైర్యమునకు తగియున్నది.

ఈ చరిత్రను తలచుకొనునప్పుడెల్ల నా మనస్సు ఎడమవైపు వంతపై నిలుచును. నిషేధమునకు గుఱియైన కథలో ప్రభుత్వములకు మింగుడుపడని మాట తఱచు అతని నోటనే వచ్చుట సహజము. రాజు యుద్ధమునకు పోయెనని కథకుడు పాడును. పోయి రైతునకేమి తెచ్చెనని వంత అడుగును. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము పాఠ్య ప్రణాళిక వ్రాయునప్పుడు ప్రశ్నల కొఱకు ఒక గడి విడిచెడివారము. ఆ గడిలోని ప్రశ్నలన్నియు ఉపాధ్యాయుడు అడుగవలసినవే. వినువారి పక్షమున అడుగుటకు ఒక మనిషిని తన ప్రక్కనే నిలుపుకొనిన పద్ధతిని నేను బుర్రకథయందే చూచితిని.

కొన్ని సంవత్సరముల క్రిందట వార్షికోత్సవము కొఱకు నిజాంసాగరము కథను బుర్రకథగా వ్రాసి ముగ్గురు పిల్లలకు నేర్పితిని. మంజీరా నదిపై 1923లో మొదలిడి 1931లో పూర్తిచేసిన ఆ జలాశయమును, దానికి కారకుడైన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగును మన వరిపొలములు మఱువరాదు గదా! కథకుని పాత్రకు పదిమంది ముందుకు వచ్చిరి. ఎడమవైపు నిలుచుటకు ఎవ్వరును రాలేదు. తుదకు తరగతిలో వెనుక బల్లపై కూర్చుండి, పేరు పిలిచినను తల వంచుకొనునట్టి ఒక బాలుని నిలిపితిని. అతనికి డక్కి వాయించుట చప్పున పట్టుబడినది. మూడవ నాటి సాధనలో, కాలువలలో నీరు పాఱెనని కథకుడు పాడగా, ఆ బాలుడు డక్కి ఆపి, ‘‘నీళ్లొచ్చినయి, మంచిదే. మునిగిన ఊళ్లోళ్లు ఏడికి పోయిండ్రు?’’ అని అడిగెను.

ఆ ప్రశ్న నేను వ్రాసిన ప్రతిలో లేదు. కథకుడు నా వైపు చూచెను. హాస్యగాడు కూడ నవ్వలేదు. జలాశయము కొఱకు గ్రామములు మునిగిన మాట పుస్తకములో ఒక్క పంక్తిలో కలదు. ఆ బాలునికి దానిని ఇంటివద్ద అవ్వ చెప్పినదట. ముగ్గురును పెద్దల నడిగి రండని పంపితిని. మరునాడు ఆ బాలుడు తెచ్చిన మాట యిది: ‘‘మా అమ్మ పుట్టినూరు గా నీళ్ల కిందనే ఉన్నది బిడ్డా. పుట్టింటి మీద పానం కొట్టుకుంటే కట్ట మీదికి పోయి నిలబడేది.’’

ఆ ప్రశ్నను, అవ్వ మాటను కథలో చేర్చితిమి. ఉత్సవమునాడు ఆ ఘట్టము వచ్చినప్పుడు సభ వెనుక వరుసలలో కూర్చున్న ముసలివారు కొంగులతో కన్నులు తుడుచుకొనిరి. పొలములకు నీరిచ్చిన ఇంజనీరు కీర్తి దానివలన తగ్గలేదు. కథ నిండైనది. ఆ బాలుడు తరువాతి తరగతులలో నన్ను ప్రశ్నలడుగ నారంభించెను. కొన్నింటికి నేను పుస్తకములు వెదకి మరునాడు సమాధానము చెప్పవలసివచ్చుచుండెడిది.

పరీక్షలు ముంచుకొని వచ్చుచుండగా డక్కీలతో కాలము గడపుట తగునాయని కొందరు తల్లిదండ్రులు ఆనాడు న్యాయముగనే అడిగిరి. వారికి నేను చెప్పినదే ఇచ్చట మరల వ్రాయుచున్నాను. జవాబు వ్రాయుట పరీక్షకు కావలెను. ప్రశ్నించుట బ్రదుకునకు కావలెను. ఈ రెండవదానిని నేర్పుటకు పిల్లవాని చేత డక్కి పట్టించుటకంటె సులభమైన ఉపాయము నాకు తోచలేదు.

ప్రియ విద్యార్థులారా! మన ప్రాంతమున చిందు యక్షగానము కలదు, ఒగ్గుకథ కలదు. వానిని పాడువారు మీ గ్రామములకు వచ్చినపుడు నడుమ నిలిచినవానినే గాక ప్రక్కల నిలిచినవారిని కూడ చూడుడు. వారి పేర్లడిగి వ్రాసికొనుడు. మీ అవ్వతాతలు చెప్పు మాటలను కూడ ఆ పుస్తకముననే వ్రాసి, సెలవుల పిమ్మట నాకు చూపుడు. వచ్చు సంవత్సరపు బుర్రకథకు ఎడమవైపు వంత కొఱకు ఈ మారు పదిమంది ముందుకు వత్తురని ఎదురుచూచుచుందును.