తాళం, గొళ్ళెం, పక్కిల్లు

దసరా పది రోజులున్నదనగా మా పద్మనగర్‌లో సందడి రెండు విధాలుగా మొదలవుతుంది. కొందరు బతుకమ్మకు పూలు ఎక్కడ దొరుకుతాయా అని వెతుకుతుంటే, కొందరు దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో చోటు దొరుకుతుందా అని వెతుకుతుంటారు. దొరికినవారు కల్యాణ్‌లో బండి ఎక్కుతారు. దొరకనివారు బస్సు పట్టుకొని సిరిసిల్లకో, కరీంనగరుకో, నల్లగొండకో చేరుకుంటారు. వారి తలుపుల మీద యిక్కడ తాళం కప్పలు మిగులుతాయి. చాళ్ళో ఎనిమిది గదులుంటే అయిదింటికి కప్పలే. యింటివారి దృష్టిలో అది భద్రత. దొంగ దృష్టిలో మాత్రం పెద్దక్షరాల నోటీసు: మేము ఊళ్ళో లేము, పది రోజులదాకా రాము అని.

వలస వచ్చిన మనవారికి యీ బెడద రెట్టింపు. యిక్కడ ఒక గది, సొంత ఊళ్ళో తాతలనాటి పెంకుటిల్లు. ఎక్కడ వున్నా రెండోదానికి తాళమే. ఊళ్ళో యింట్లో పాత గంగాళం తప్ప ఎత్తుకుపోయేందుకు ఏమీ లేదు గనుక దానిని గురించి నిద్ర చెడదు. యిక్కడి సంగతి వేరు.

తాళం కొనటంలో మనవారు లోభించరు. ఆర్దేశిర్ గోద్రెజ్ 1897లో బొంబాయిలో తాళాల తయారీ మొదలుపెట్టిన నాటినుంచి యీ ప్రాంతంలో మంచి కప్పకు కొదవ లేదు. అలీగఢ్ కప్పలు ఎలాగూ వున్నాయి. కాని మరాఠీ పత్రికలలో దొంగతనం వార్తలు చదివేవారికి ఒక మాట కంఠతా వచ్చి వుంటుంది: ‘కడీకోయండా తోడూన్’. కడీ అంటే మన గొళ్ళెం. కోయండా అంటే ఆ గొళ్ళెం వచ్చి కూర్చునే యినుప కమ్మీ. ఆ రెండింటినీ పెరికి లోపలికి పోయారని వార్త. పాపం, తాళం చేసిన తప్పేమీ లేదు. మూడు వేళ్ళ మందం కప్పను పట్టుకొని వున్నది అర అంగుళం మరలు నాలుగు. అవి దిగబడి వున్నది చెదలు తిన్న దర్వాజలో. దొంగ కప్పను ముట్టుకోడు. గొళ్ళెం కింద చిన్న గడ్డపార దూర్చి ఒక్కసారి ఎత్తుతాడు. కప్ప, గొళ్ళెం, మరలు అన్నీ కలిసి చేతికి వస్తాయి. తాళం వేసి గొళ్ళెం మరచినవాడి సామెత మన పెద్దలు ఊరికే చెప్పలేదు.

వడ్రంగిని పిలిచి, మరలు తీసివేయించి, దర్వాజకు ఆరపార బోల్టులు వేయించి, లోపలివైపున నట్లు బిగించమంటే ఒక పూట పని. అంతకంటే మేలు తలుపులోనే అమర్చిన తాళం. బయట కప్ప వేలాడదు గనుక, లోపల మనుషులున్నారో లేదో చూసిన వెంటనే తెలియదు.

యింకొక చిక్కు యీ ఊరికే ప్రత్యేకం. పల్లెటూళ్ళో అర్ధరాత్రి గొళ్ళెం చప్పుడైతే నాలుగిళ్ళ కుక్కలు లేస్తాయి. యిక్కడ గోడ అవతల సాంచాలు ఆడుతుంటే గొళ్ళెం కాదుగదా, తలుపే పడినా వినబడదు. మా పిల్లలు ఆ చప్పుళ్ళోనే నిద్రపోవటం నేర్చారు. కరెంటు పోయి సాంచాలు ఆగితేనే ఉలిక్కిపడి లేస్తారు. దొంగకు యింతకంటే ఏం కావాలి? అయితే ఆ సాంచాలే ఒకందుకు కాపలా కూడా. పాళీ మారేటప్పుడు, నడిరాత్రి చాయ్ కోసం నలుగురు బయటికి వచ్చేటప్పుడు సందులో మనిషి అలికిడి వుంటుంది. సాంచాలను పాత యినుము కింద అమ్మివేసిన సందులలో చప్పుడూ లేదు, అలికిడీ లేదు.

మాకు మరాఠీ వ్రాయటం వచ్చుననే కారణాన, చాళ్ళో ఎవరింట్లో ఏది పోయినా పోలీసు ఠాణాకు యిచ్చే అర్జీ మా చేతికే వస్తుంది. రెండేళ్ళ క్రితం దసరాకు ఊరికి పోయి వచ్చిన మా నాలుగో గది ఆమె, తలుపు తీసి వుండటం చూసి గడపలోనే కూలబడింది. కండెలు చుట్టి బతికే మనిషి. బియ్యం డబ్బా అడుగున గుడ్డలో మూటగట్టిన గుండ్లహారం, కూతురి కమ్మలు, రెండు ఉంగరాలు, అన్నీ కలిసి నాలుగు తులాలు పోయినవి. ఏ వస్తువునూ ముట్టుకోవద్దని అందరికీ చెప్పి, ఆమెను తీసుకొని ఠాణాకు పోయాము. అక్కడ అడిగిన మొదటి ప్రశ్న ‘పావతీ ఆహే కా?’ రసీదు వున్నదా అని.

“చిట్టీ ఏడుంటదన్నా? మా అవ్వ పెట్టిన గుండ్లకు చిట్టీ ఎవరిచ్చిండ్రు?” అని ఆమె మావైపు చూసింది.

మనవారి బంగారం సంగతంతా ఆ ఒక్క మాటలో వున్నది. భిశీ ఎత్తినప్పుడు ఒక గుండు, బోనస్ వచ్చినప్పుడు ఒక గుండు, ఊరి కంసాలి చేతిలో కరిగి అతికినవి. బరువు కంసాలి నోటి లెక్క. పోయిన నగలు దొరికినా అవి ‘ముద్దేమాల్’ కింద జమ అవుతాయి. కోర్టు ఉత్తరువు మీద తిరిగి వస్తాయి. యిది నాదేనని చూపవలసినది మనమే. ఆమెకు అక్కరకు వచ్చింది మరిది పెళ్ళి ఫోటో. అందులో హారం మెడలో స్పష్టంగా కనిపించింది. అప్పటినుంచి చాళ్ళో ఆడవారందరికీ మేము చెప్పేది: ప్రతి నగను త్రాసులో పెట్టించి, ఫోటో తీసి, బరువు వ్రాసుకోండి అని. 2023 ఏప్రిల్ 1 తరువాత దుకాణంలో కొన్న హాల్‌మార్కు నగ మీద అక్షరాలు, అంకెలు కలిసి ఆరు గుర్తుల సంఖ్య వుంటుంది. అది పుస్తకంలో ఎక్కించుకొంటే చాలు. బ్యాంకు లాకరు తీసుకోగలిగినవారు తీసుకోవచ్చు. కాని అందులో దొంగలు పడినా, బ్యాంకు పూచీ ఏడాది అద్దెకు నూరు రెట్లు మాత్రమే. రిజర్వు బ్యాంకు 2022 జనవరి 1 నుంచి అమలు చేసిన నియమం అది.

ఎఫ్.ఐ.ఆర్. ప్రతి ఒకటి ఉచితంగా యివ్వాలి, అడిగి తీసుకోవాలి. 2024 జులై 1న వచ్చిన కొత్త చట్టాలలో ఫోను ద్వారానో, కంప్యూటరు ద్వారానో ఫిర్యాదు పంపి, మూడు రోజులలో సంతకం చేసే వీలు కూడా వున్నది. ఊళ్ళో వుండగా కబురు తెలిసినవారికి యిది పనికివస్తుంది.

అసలు బాధ తరువాత మొదలయింది. మా చాళు వెనక సాంచాల మీది అటకలో బీహారు కుర్రవాడు ఒకడు వుండేవాడు. రెండో రోజుకే వేళ్ళన్నీ అతని వైపు తిరిగాయి. బయటివాడు, ఎవరికీ తెలియనివాడు, యింకెవరు చేస్తారు అని. మనవారి నోట ‘బయటివాడు’ అన్న మాట విని మాకు నవ్వూ వచ్చింది, కష్టమూ తోచింది. మన తాతలు సాంచాల మధ్య చాప పరుచుకొని పడుకున్న రోజుల్లో వారూ బయటివారే కదా! ముకాదం హాజరీ పుస్తకం తెచ్చి చూపించాడు. ఆ పది రాత్రులూ కుర్రవాడు రాత్రి పాళీలోనే వున్నాడు. పోలీసువారు వదిలేశారు. చాళు మాత్రం వదలలేదు. నాలుగో రోజున వారం పగారు కూడా అడగకుండా అతడు మూట సర్దుకొని వెళ్ళిపోయాడు. దొంగ ఎవరో యింతవరకు తేలలేదు.

1984 మే నెలలో యీ ఊరు అల్లర్లలో తగలబడిన సంగతి పెద్దలు మరచిపోరు. 1988లో డిప్యూటీ పోలీసు కమిషనరుగా వచ్చిన సురేశ్ ఖోపడే యిక్కడ మొహల్లా కమిటీలు ఏర్పాటు చేశారు. అన్ని మతాలవారూ, పోలీసులూ ఒకచోట కూర్చొని ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకొనే అలవాటు చేశారు. 1992 డిసెంబరు, 1993 జనవరి నెలలలో బొంబాయి మండుతుంటే భివండీ నిలకడగా వుండటానికి ఆ కమిటీలే కారణమని చెప్పుకుంటారు. అవి దొంగల కోసం పెట్టినవి కావు. కాని ఆ బీహారు కుర్రవాని పేరు మా చాళ్ళో ఎందరికి తెలుసునని మేము లెక్కవేస్తే యిద్దరు తేలారు: ముకాదం, చాయ్ బండివాడు.

యీ యేడు మా వరుసలో పండక్కి కదలనివి మూడు కుటుంబాలు. ఎవరు ఏ రోజు పోతారో, ఏ రోజు వస్తారో, ఊళ్ళో ఫోను నంబరు ఏమిటో మొదటి గది పెద్దమ్మ దగ్గర నోటు పుస్తకంలో వ్రాసిపెట్టాము. పాలవానికి ముందే చెప్పటం, సాయంత్రం వారి గుమ్మం ముందు దీపం వేయటం, గుమ్మం వూడ్చి నాలుగు గీతల ముగ్గు పెట్టటం వున్నవారి పని. రైలులో కూర్చొని ఫోటోలు తీసి ఫోనులో ఊరందరికీ పంపటం మాత్రం తిరిగి వచ్చేదాకా మానుకోమన్నాము. పిల్లలు ముఖం ముడుచుకొన్నారు. రాత్రి అనుమానంగా ఏదైనా కనిపిస్తే 112కు ఫోను చేయాలని గోడమీద సుద్దతో వ్రాశాము. అటకలోకి కొత్తగా వచ్చిన యిద్దరు కుర్రవాళ్ళ పేర్లు కూడా పుస్తకంలో వున్నాయి. రాత్రి పాళీ లేని రోజుల్లో సందువైపు ఒక కన్ను వేసి వుంచుతామని వారే అన్నారు.

నాలుగో గది ఆమె యీసారి ఊరికి పోవటం లేదు. కూతురి పెళ్ళి మాఘంలో పెట్టుకున్నారు. భిశీ ఎత్తి మళ్ళీ ఒక్కొక్క గుండే కూర్చుతున్నది. గుండుగుండుకూ చిట్టీ తీసుకుంటున్నది.