లిలువా బెల్లం వెనుక ఒకే ఒక్క తాడు
చలికాలపు తీపి కోసం చెట్టెక్కేవారికి రెండో తాడు ఎందుకు దొరకడం లేదు?

హౌరాలో లోకల్ రైలెక్కితే మొదట ఆగే స్టేషన్ లిలువా. రైల్వే ఉద్యోగులకు ఈ పేరు కొత్త కాదు. 1900లో మొదలైన క్యారేజ్, వ్యాగన్ వర్క్‌షాప్ చుట్టూ పెరిగిన ఊరిది. 1928లో ఇక్కడి కార్మికులు చేసిన సమ్మె దేశ కార్మికోద్యమ చరిత్రకెక్కింది. యాత్రికులు మాత్రం ఇక్కడ దిగరు. తర్వాతి స్టేషన్ బేలూరు. రామకృష్ణ మఠం కోసం వెళ్లేవారు అక్కడే దిగుతారు. లిలువాలో చూడటానికేముంది? షెడ్లు, సైడింగులు, ఇరుకు సందులు.

డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రం స్టేషన్ బయట ఒక కమ్మని వాసన కాళ్లకు అడ్డం పడుతుంది. అది నొలెన్ గుర్, అంటే కొత్త ఈత బెల్లం. బెంగాలీల సందేశ్‌కు, పాయసానికి చలికాలంలో వచ్చే గోధుమ రంగు, పొగ వాసన దీని చలవే. రోడ్డు పక్కన బుట్టలో గుండ్రటి అచ్చులు పేర్చుకుని కూర్చున్న నడివయసు మనిషి దగ్గర బేరమాడుతుంటే, బుట్ట వెనుక చుట్టగా చుట్టి పెట్టిన తాడు కనిపించింది. తెలంగాణ పల్లెల్లో పెరిగినవారికి ఆ తాడు గురించి వేరే చెప్పనక్కర్లేదు. మనవాళ్లు దాన్ని మోకు అంటారు.

‘‘బెల్లం మీదేనా దాదా?’’ అంటే నవ్వాడు. ‘‘చెట్లు వేరేవాళ్లవి. బెల్లం నాది.’’ సీజనుకు ఇన్ని చెట్లని మాట్లాడుకుని, యజమానికి కొంత బెల్లమో డబ్బో ఇస్తాడట. ఇలాంటి గీత పనివారిని ఇక్కడ షియులీలు అంటారు. మధ్యాహ్నం తారకేశ్వర్ లోకల్లో ఆయన వెంటే బయల్దేరాం. నానో కారు ఫ్యాక్టరీ గొడవతో దేశమంతా విన్న సింగూరు దాటాక ఒక చిన్న స్టేషన్‌లో దిగితే, బంగాళాదుంప చేల గట్ల మీద ఈత చెట్లు వరసగా కనిపించాయి.

మన ఈత చెట్టే ఇది. తెలంగాణలో కల్లిస్తుంది, బెంగాల్లో బెల్లమిస్తుంది. శాస్త్రీయ నామం ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్. ఆ పేరు చివర వృక్షశాస్త్రవేత్తలు రాక్స్‌బర్గ్ పేరు జోడిస్తారు. సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో హౌరాలోని శిబ్‌పూర్ వృక్షోద్యానానికి అధిపతిగా వచ్చాడు. గోదావరి తీరానికీ హౌరాకూ ఈ చెట్టు వేసిన పాత చుట్టరికమది.

ఇక్కడి ఈత చెట్టు నిటారుగా ఉండదు. ఒక ఏడాది ఒక పక్క చెక్కితే మరుసటి ఏడాది రెండో పక్క చెక్కుతారు. అందుకే మొద్దు మెట్లుమెట్లుగా, వంకరటింకరగా పెరుగుతుంది. గాట్లు లెక్కపెడితే ఎన్నేళ్లుగా గీస్తున్నారో తెలిసిపోతుంది. ఆ గాట్లే షియులీకి నిచ్చెన. నడుముకు, చెట్టుకు కలిపి తాడు చుట్టి, వెనక్కి వాలి, పాదాలు గాట్లలో ఆనించి ఎక్కుతాడు. నడుముకు వెనక కత్తి, కొక్కేనికి కుండ. పైకి చేరాక తాడు మీద బరువు వదిలి రెండు చేతులతో చెక్కుతాడు. సాయంత్రం కుండ కడితే తెల్లవారకముందే దించాలి. కొద్ది రోజులు గీశాక చెట్టుకు విరామమివ్వాలి. విరామం తర్వాత మొదటి రోజు రసంతో చేసిన బెల్లానికే గిరాకీ ఎక్కువ.

చూడటానికి సులువే. కిటుకంతా బరువులో ఉంది. మనిషి వెనక్కి వాలినంతసేపు తాడు చెట్టును కరచుకుని ఉంటుంది. అయితే తాడును పైకి జరపాలంటే ముందుకొరగాలి. అప్పుడు తాడు వదులవుతుంది. ఆ ఒక్క క్షణం మనిషిని పట్టి ఉంచేవి పాదాలే. మంచుకు తడిసిన మొద్దు మీద కాలు జారిందా, తాడు అతనితోపాటే కిందికి వస్తుంది. మోకు నిలబెట్టే తాడే తప్ప పడిపోతే పట్టుకునే తాడు కాదు.

ఈ సంగతిని అమెరికాలో జింకల వేటగాళ్లు బాగా పట్టించుకున్నారు. అక్కడ ‘శాడిల్ హంటింగ్’ అని ఒక పద్ధతి ఉంది. తుంటికి, తొడల వెనక్కి పట్టీలా చుట్టుకునే జీను, ఎక్కేటప్పుడు చెట్టు చుట్టూ మోకులాంటి తాడు, పైకి చేరాక తలపైన కట్టి వేలాడేందుకు ఇంకో తాడు. కొమ్మ అడ్డొస్తే ఒకటి విప్పే ముందు రెండోది కడతారు. రెండో తాడుకు ప్రూసిక్ ముడి వేస్తారు. 1931లో ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ వెలుగులోకి తెచ్చిన ఈ ముడి చేత్తో తోస్తే జరుగుతుంది, బరువు పడితే బిగుస్తుంది. అడవిలో మైళ్లు నడవాలి కనుక వాళ్లు సామాను బరువును గ్రాముల్లో లెక్కేస్తారు. నాలుగు మెట్ల కర్రలకు బదులు ఒకటే తీసుకెళ్లి, జీనులో వేలాడుతూ దాన్నే పైకి జరుపుకుంటూ ఎక్కేవారూ ఉన్నారు.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం. కాబట్టి ఆ వేట మనకు పనికిరాదు. ఆ తాడు మాత్రం పనికొస్తుంది. సరదాకు చెట్టెక్కేవాడికి రెండు తాళ్లుంటే పొట్టకూటికి ఎక్కేవాడికి ఒక్కటే ఎందుకుండాలి?

తెలంగాణ ఈ ప్రశ్నకు ఆలస్యంగానైనా జవాబు వెతికింది. 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గీత కార్మికులకు ‘కాటమయ్య రక్ష’ కిట్ల పంపిణీ ప్రారంభించారు. గౌడల దేవుడి పేరు పెట్టుకున్న ఆ సంచిలో తాళ్లు, క్లిప్పులు, చేతి పట్లు, కాళ్ల ఉచ్చులు ఉన్నాయి. కొండలెక్కేవారి సామానుకు దగ్గరి చుట్టాలే అవి.

అది పెట్టుకుని ఎలా ఎక్కుతారో నేల మీద చూపించాం. షియులీ శ్రద్ధగా చూశాడు. తర్వాత తన లెక్క చెప్పాడు. చీకటి పడేలోగా ముప్ఫై చెట్లు ఎక్కి దిగాలి. చెట్టుకు ఐదు నిమిషాలు అదనంగా పడితే రెండున్నర గంటలు పోతాయి. సగం కుండలు కట్టకముందే పొద్దుగూకుతుంది. ‘‘తేలిగ్గా ఉండాలి, ఒంటిచేత్తో జరగాలి. అలాంటిది ఉంటే రేపే కట్టుకుంటా’’ అన్నాడు. ఎప్పుడైనా పడ్డారా అంటే, ఎడమ మోచేయి చూపించాడు. అది పూర్తిగా చాచలేడు.

కిట్లు రూపొందించేవారు గోడకు రాసుకోవాల్సిన మాట అది. పని నెమ్మదించే రక్షణ ఎంత గట్టిదైనా ఇంట్లో కొక్కేనికే వేలాడుతుంది. వేటగాడికి బరువు తగ్గడం సౌఖ్యం. ముప్ఫై చెట్ల మనిషికి అది ఆ రోజు కూలి.

చీకటి పడ్డాక మళ్లీ లిలువాలో దిగాం. సైడింగు దగ్గర దీపాల వెలుగులో ఒక కార్మికుడు కరెంటు తీగల స్తంభం ఎక్కుతున్నాడు. నడుముకు బెల్టు, దానికి రెండు కొక్కేలు. ఒకటి తగిలించాకే రెండోది తీస్తున్నాడు. సంచిలో ఉన్న అచ్చు బెల్లం ఇంకా వాసన వేస్తూనే ఉంది.