ఫ్రాంజీ ఇంటిపేరు

ఎరిక్ హెకెల్ 1910లో చెక్కిన ‘పడుకున్న ఫ్రాంజీ’ని జర్మన్ ఎక్స్‌ప్రెషనిజం తొలినాటి గొప్ప ఉడ్‌కట్‌లలో ఒకటిగా చెప్తారు. ఉన్నవి రెండే రంగులు, నలుపూ ఎరుపూ. చెక్కను రంపంతో ముక్కలుగా కోసి, వేటికవి సిరా పూసి, మళ్లీ జతచేసి అచ్చు తీశాడు. మొహం కొయ్యముసుగులా ఉంటుంది. 1905లో డ్రెస్డెన్‌లో ‘బ్రూకె’ బృందం పెట్టిన ఈ యువకులు, వలసపాలన మోసుకొచ్చిన ఆఫ్రికా, పసిఫిక్ దీవుల బొమ్మల్ని మ్యూజియంలో చూసి అదే ‘ఆదిమ’ స్వేచ్ఛ అనుకున్నారు. ఆ స్వేచ్ఛకి ఊళ్లో దొరికిన ఒళ్లు ఫ్రాంజీది. లీనా ఫ్రాంజిస్కా ఫేర్మాన్, 1900లో పుట్టింది. అంటే బొమ్మనాటికి పదేళ్లు నిండీ నిండని పిల్ల. కళాచరిత్ర దశాబ్దాలపాటు ముద్దుపేరుతోనే సరిపెట్టుకుంది. గీతలోని తెగువని అంతగా మెచ్చుకున్నవాళ్లలో చాలామందికి ఆ పిల్ల వయసు పట్టలేదు.

మెదక్‌లో ఉండి ఈ బొమ్మ గురించి ఆలోచిస్తే లక్ష్మాగౌడ్ గుర్తురాక మానరు. ఆయన 1940లో ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. హైదరాబాద్‌లో చదివాక బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. ఆయన పేరు నిలబెట్టింది ఎచింగ్. ఉడ్‌కట్‌లో తవ్వినచోటు తెల్లగా పోయి, మిగిలింది అచ్చు పడుతుంది. ఎచింగ్‌లో ఇది తిరగబడుతుంది: ఆమ్లం లోహాన్ని తిన్న గీతలోనే సిరా నిలుస్తుంది. అందుకే హెకెల్ దగ్గర మొద్దుగా ఉన్న ఒళ్లు ఇక్కడ వెంట్రుకవాసి గీతలతో, మేకలూ చెట్లూ మనుషులూ ఒకే కోరికలో చిక్కుకున్నట్టు ఉంటుంది.

1970ల నాటి ఆ బొమ్మల్ని బూతు అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఆ స్త్రీలు ఎదిగిన మనుషులు. కోరిక వాళ్ల కళ్లలోనూ ఉంది, అది మన మధ్యతరగతి మర్యాదకి మింగుడుపడదు. వాళ్లు ఎదుట కూచోబెట్టి గీసిన మోడళ్లూ కారు, ఊరి జ్ఞాపకంలోంచి వచ్చినవాళ్లు. అయినా నా అనుమానం పూర్తిగా తీరదు. పల్లె అంటే దాపరికంలేని కామం అని చూసే కన్నుకీ, ఫ్రాంజీలో ‘సహజత్వం’ చూసిన కన్నుకీ చుట్టరికం లేదా? నాట్లేసి, కలుపుతీసి, బీడీలు చుట్టి అరిగిన చేతులు ఆ గీతల్లో ఏవని వెతుకుతాను. ముక్కెరలు, కడియాలు మాత్రం ఎంతో శ్రద్ధగా ఉంటాయి. ఇక్కడ కరువొచ్చిన ఏడు తాకట్టుకి ముందు పోయేవి అవే.