నీళ్ళల్ల బ్లాస్టింగు

దసరాకి గోదావరిఖని వెళ్తే నాన్నది మళ్ళీ అదే ప్రశ్న. "అసలు నీ పనేంది బిడ్డా?" సముద్రంలో చేసిన సర్వేల డేటాని శుభ్రం చేసే కోడ్ రాస్తాను. బొగ్గుబాయిలో 30 ఏళ్ళు చేసిన మనిషికి ఈసారైనా సరిగ్గా చెబుదామని కూర్చున్నా.

ఓడ వెనకాల నీళ్ళలో ఎయిర్ గన్లని లాక్కెళ్తారు. వాటిలో గాలిని చదరపు అంగుళానికి 2000 పౌండ్ల ఒత్తిడితో నింపి (మన బైకు టైర్లో 30 చిల్లర!) ఓ 10 సెకన్లకోసారి ఒక్కసారిగా వదుల్తారు. ఆ చప్పుడు సముద్రం అడుగు దాటి కిందికి పోయి, ఒక్కో రాతి పొర దగ్గర కొంత వెనక్కి తిరిగొస్తుంది. ఓడ వెనకే కిలోమీటర్ల పొడవున సాగే కేబుళ్ళలో హైడ్రోఫోన్లుంటాయి, అవి వింటాయి. వచ్చిన టైముని బట్టి ఏ పొర ఎంత లోతో లెక్కేస్తాం. కృష్ణా-గోదావరి బేసిన్ సముద్రంలో గ్యాస్ వెతికింది ఇలాగే. కేజీ-డీ6లో 2002లో దొరికింది, 2009లో బయటికి తీయడం మొదలైంది. అన్నట్టు, మా బొగ్గు పొరలున్న ప్రాణహిత-గోదావరి లోయే ఆగ్నేయంగా సాగి ఆ బేసిన్‌ని కలుస్తుంది. ఈ ముక్క నాన్నకి బాగా నచ్చింది.

"అంటే నీళ్ళల్ల బ్లాస్టింగే గదరా. మరి సైరన్?"

ఓపెన్‌కాస్ట్‌లో పేల్చే ముందు సైరన్ మోగుతుంది. చిన్నప్పుడు అది వినగానే చెవులు మూసుకుని ఎదురుచూసేవాళ్ళం.

'సాఫ్ట్ స్టార్ట్' ఉంటుందన్నాను. ముందు ఒక్క చిన్న గన్‌తో మొదలెట్టి, కనీసం 20 నిమిషాలు మెల్లగా పెంచుకుంటూ పోతారు. తిమింగలాలూ తాబేళ్ళూ ఈలోగా తప్పుకోవాలి.

"తప్పుకోలేనియో?"

ఇక్కడ ఆగిపోయాను. టాస్మానియా దగ్గర చేసి 2017లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక్క ఎయిర్ గన్‌కే 1.2 కిలోమీటర్ల దూరందాకా జంతు ప్లవకాలు చచ్చిపోయాయి. చిన్న చేపలు తినేది వాటినే.

చేపలంటే గుర్తొచ్చింది, సర్వే ఓడ దారిలో వలలు ఉండకూడదు. చుట్టుపక్కల బోటు చప్పుడు రికార్డులో పడితే దాన్ని తీసేసే ఫిల్టర్ రాసింది నేనే. కోడ్‌లో దాని పేరు 'నాయిస్'. ముమ్మిడివరం వైపు 2012లో సముద్రంలో గ్యాస్ కోసం చేసిన తవ్వకాల వల్ల వేట పోయిన మత్స్యకారులకి పరిహారం బకాయి అందింది 2019లో. అది సర్వే కాదు, దాని తర్వాత దశ. అయినా సర్వే లేకుండా తవ్వరు కదా.

"ఏడేండ్లు ఏం దిన్నరు మరి?" అన్నాడు నాన్న.

రాత్రి బస్సెక్కి ఆఫీసు మెయిల్ తెరిస్తే, ఔట్‌పుట్‌లో బోటు నాయిస్ ఇంకా మిగిలుందని నా పేరు మీద ఒక బగ్ వేసి ఉంది.